మెన్‌హిర్ అంటే ‘నిలువురాయి’ కాదు: అపోహలు, వాస్తవాలు

అపోహ: మెన్‌హిర్ (పూర్వకాలంలో నేలలో నిలువుగా పాతిన పొడవాటి రాయి) అన్నది ఆ రాళ్లు పాతినవాళ్లు పెట్టుకున్న పేరు.

వాస్తవం: అది ఫ్రాన్స్ వాయవ్య కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతపు మాట. బ్రెటన్ భాషలో మెన్ అంటే రాయి, హిర్ అంటే పొడుగు. ‘నిలువు’ అన్న అర్థం అందులో ఎక్కడా లేదు. అక్కడి కార్నాక్‌లో బారులు తీరిన దాదాపు 3,000 రాళ్లను క్రీ.పూ. 4500–3300 మధ్య పాతారు. బ్రెటన్ భాష మాత్రం బ్రిటన్ దీవి నుంచి వలసవచ్చిన జనంతో క్రీ.శ. 5, 6 శతాబ్దాల్లో ఆ నేలకు చేరింది. అంటే రాయికీ పేరుకూ మధ్య మూడున్నర వేల ఏళ్లకు పైగా ఎడం. పాతినవాళ్లు వాటిని ఏమని పిలిచారో ఇక తెలిసే దారి లేదు. మెన్‌హిర్‌ను 18వ శతాబ్దం చివర ఫ్రెంచి పండితులు పుస్తకాల్లోకి ఎక్కించారు. మన పురావస్తు నివేదికల్లోకి వచ్చిందీ ఆ పుస్తకాల మాటే.

అపోహ: డాల్మెన్ అంటే రాతిబల్ల, కాబట్టి అది బలిపీఠం.

వాస్తవం: బల్ల అన్న అర్థం నిజమే, పీఠం మాత్రం కాదు. అది సమాధి గది. పైన కప్పిన మట్టిదిబ్బ కొట్టుకుపోతే, నిలువు పలకలూ వాటిమీది కప్పుబండా మిగిలి బల్లలా కనిపిస్తాయి. పేరు ఆకారాన్ని చెబుతుంది, వాడకాన్ని కాదు. మన రాక్షసగుళ్ల సంగతీ ఇంతే: అవి గుళ్లు కావు, ఇనుప యుగపు సమాధులు.

క్రామ్లెక్ అన్న మాట దగ్గర మరింత జాగ్రత్త. వేల్స్‌లో అది రాతి సమాధి, ఫ్రాన్స్‌లో రాళ్ల వలయం. పుస్తకం ఏ దేశానిదో చూశాకే అర్థం చెప్పాలి.

అపోహ: ఊరి బయట నిలబడ్డ ప్రతి పాతరాయీ మెన్‌హిరే.

వాస్తవం: ముందు నాలుగు వైపులా చూడండి. వీరుడి బొమ్మ ఉంటే వీరగల్లు, అక్షరాలుంటే శాసనం. రాయి అడుగున నేలబండతో కలిసిపోయి ఉంటే అది సహజశిల. చెక్కడం ఏదీ లేకపోతే నేలపై ఎత్తు, వెడల్పు, మందం, వెడల్పు ముఖం ఏ దిక్కుకుందో రాసుకోండి. చుట్టూ రాళ్ల వలయం ఉందేమో వెతకండి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పెద్ద నిలువురాళ్ల నడుమ చిన్నరాళ్ల వరసలూ ఉన్నాయి. ఒక్క రాయినే చూసి వచ్చేస్తే అసలు అమరికే తప్పిపోతుంది.

రాయి మొదలు దగ్గర మాత్రం తవ్వకండి. రాయిని నిలబెట్టేది గుంతలో దాని చుట్టూ బిగించిన చిన్నరాళ్లే. గుప్తనిధుల ఆశతో వాటిని పెకిలిస్తే, వేల ఏళ్లు నిలిచిన రాయి ఒక్క వానకే ఒరుగుతుంది.