ఒక్క శాతం మైలేజీని పట్టుకోవడం ఎలా?

కారు ముందు గాలి లోపలికి పోయే జాలీని, అంటే గ్రిల్‌ను సగం మూసేయడం, చక్రాలకు చదునైన మూతలు బిగించడం, కారు అడుగున ప్లాస్టిక్ పలక వేయడం... మైలేజీ పిచ్చి ఉన్నవాళ్లు ఇలాంటివి ఎన్నో చేస్తారు. ఇందులో సైన్సు లేకపోలేదు. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగం దగ్గర ఉన్నదానికి 100 దగ్గర నాలుగు రెట్లు. ఆ గాలిని సాఫీగా పోనిస్తే పెట్రోల్ మిగులుతుంది. చిక్కల్లా ఎంత మిగిలిందో తేల్చడంలోనే. హైవే వేగంలో గాలి నిరోధం 2 శాతం తగ్గితే ఆదా అయ్యేది సుమారు ఒక శాతం. దాన్ని మింగేసేవి రోడ్డు మీద బోలెడు.

అందరికీ తెలిసిన పరీక్ష ట్యాంకు ఫుల్ చేయించి, తిరిగి, మళ్లీ ఫుల్ చేయించడం. కానీ బంకులో నోజిల్ టక్కున ఆగే చోటు ప్రతిసారీ ఒకటే కాదు. కారు కాస్త ఒరిగి నిలబడినా, పెట్రోల్ నురగ కట్టినా ముందే ఆగిపోతుంది. 40 లీటర్లలో అర లీటరు తేడా వచ్చిందంటే మీ ఒక్క శాతం అక్కడే గల్లంతు.

ఇక గాలి సంగతి. కారు 80లో పోతుంటే, ఆకులు గలగలలాడే పాటి గాలి, అంటే గంటకు 10 కిలోమీటర్లది, ఎదురొచ్చిందనుకోండి. నిరోధం 26.6 శాతం పెరుగుతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి వీస్తే 23.4 శాతం తగ్గుతుంది. చెల్లుకు చెల్లు అనుకుంటాం గానీ, సగటున 1.6 శాతం నష్టం మిగిలే ఉంటుంది. చక్రాల మూతలు తెచ్చిన లాభం దాదాపు దీనికే సరి! ఎండ కూడా తక్కువది కాదు. 10 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వెళ్తే గాలి సాంద్రత 6, 7 శాతం పడిపోతుంది. పొద్దున మామూలుగా నడిపి, మధ్యాహ్నం మూతలు పెట్టి నడిపితే ఎండ చేసిన మేలు మూతల ఖాతాలో పడుతుంది.

అందుకే మార్పు లేకుండా ఒకసారి, మార్పుతో ఒకసారి, తీసేసి మళ్లీ ఒకసారి నడపాలి. మొదటిదీ మూడోదీ కలవకపోతే రెండోదాన్ని నమ్మడానికి లేదు.

ఇంతకంటే నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద 80 దాటించి, ఇంజన్ ఆపకుండానే గేరు న్యూట్రల్‌లో వేసి, వేగం 80 నుంచి 60కి పడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడటం. ఎక్కువ సెకన్లు పడితే నిరోధం తగ్గినట్టు. బంకు గొడవ లేదు, యాక్సిలరేటర్ మీద కాలి ప్రభావమూ లేదు. అయితే రెండు దిక్కుల్లోనూ, ప్రతిసారీ అదే రోడ్డు ముక్క మీద చెయ్యాలి. వంద మీటర్లకు ఒక మీటరు వాలు కంటికి ఆనదు గానీ, టన్ను బరువున్న కారును అది దాదాపు 98 న్యూటన్ల బలంతో లాగుతుంది. 80 వేగం దగ్గర మామూలు కారుకు తగిలే గాలి నిరోధంలో ఇది సగం.

ఇంధన గొట్టానికి అయస్కాంతం తగిలించుకున్నవాళ్లు మైలేజీ పెరిగిందని ఒట్టేసి చెప్పడం వినే ఉంటారు. అబద్ధం చెబుతున్నారని కాదు. మైలేజీ బాగా పడిపోయినప్పుడే ఎవరైనా అలాంటిది కొంటారు, ఏమీ చేయకపోయినా తర్వాతి ట్యాంకు కాస్త మెరుగ్గానే ఉంటుంది. పైగా కొత్త వస్తువు బిగించాక కాలు దానంతటదే మెత్తబడుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి పరికరాలను వందకు పైగా పరిశీలిస్తే, ఏ కొద్దింటిలోనో తప్ప లాభం కనిపించలేదు.

న్యూట్రల్ పరీక్షకు చిక్కనిదీ ఒకటుంది. గ్రిల్ మూసినప్పుడు సెకన్లు పెరగొచ్చు. కానీ ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్‌కు గాలి చాలక ఫ్యాన్ పదే పదే తిరిగితే, ఆ కరెంటు ఇంజన్ తిప్పే ఆల్టర్నేటర్ నుంచి, అంటే పెట్రోల్ నుంచే రావాలి. కాబట్టి గ్రిల్ విషయంలో సెకన్లతో పాటు టెంపరేచర్ ముల్లునూ చూడక తప్పదు.