"డబ్బంతా జీతాలకే పోతోంది": ప్రభుత్వ ఆస్పత్రుల ఖర్చుపై అపోహలు - వాస్తవాలు

బడ్జెట్ రోజులొస్తే చాలు, వాట్సాప్‌లో ఇదే గోల. ప్రభుత్వాసుపత్రుల సొమ్మంతా జీతాలకే పోతోందట, మందులకి పైసా మిగలట్లేదట. ఒక్కో మెసేజ్‌లో ఒక్కో శాతం. ఆ శాతం ఏ పద్దులోంచి తీశారో మాత్రం ఎవరూ రాయరు. విశాఖలో ప్రభుత్వాసుపత్రి బిల్లులు చూసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

అపోహ: జీతాల వాటా ఎక్కువుందంటే డబ్బు దండగైనట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న ఒక్క పేషెంట్‌ని తీసుకోండి. పక్కన ఎప్పుడూ ఒక నర్సు ఉండాలి. రోజుకి మూడు షిఫ్టులు, వారానికి 21. వీక్లీ ఆఫ్ పోను ఒక మనిషి చేయగలిగేది ఆరు. అంటే మూడున్నర మంది కావాలి. దానిమీద సెలవులకి 30 శాతం అదనంగా వేసుకోవాలన్నది నర్సింగ్ నిబంధనల్లో ఉన్నదే, అది కలిపితే నాలుగున్నర. ఒక్క మంచానికే ఇంతమంది! డాక్టరు, టెక్నీషియన్, స్ట్రెచర్ తోసేవాళ్లు ఇందులో లేరు. వెంటిలేటర్ ఒకసారి కొంటే ఏళ్లు నడుస్తుంది, దాని దగ్గర రాత్రంతా మెలకువగా ఉండే మనిషికి మాత్రం నెలనెలా జీతం ఇవ్వాల్సిందే కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 నివేదికలో ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చులో సిబ్బంది జీతభత్యాలు సగటున 42 శాతం దాకా ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌లో దాదాపు సగం, అదీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్కుల సిబ్బందిని కలపకుండా.

ఇంకో సంగతి. వంద కోట్ల ఖర్చులో అరవై జీతాలు, నలభై మందులూ మిగతావీ అనుకుందాం. ఆ నలభైని ముప్పైకి కోసేస్తే, ఒక్కరి జీతం ఒక్క రూపాయి పెరగకుండానే 60 శాతం కాస్తా 67కి చేరువవుతుంది. మందులకి కోత పెట్టిన సంగతి ఎవరూ అడగరు, వార్డులో నర్సు మీద అరుస్తారు.

పోనీ పోస్టులు ఖాళీగా ఉంచితే ఆ డబ్బుతో మందులు కొనొచ్చుగా అంటారు. కుదరదు. జీతాల పద్దు నంబరు 010, అందులో మిగిలింది మందుల పద్దుకి మార్చే అధికారం సూపరింటెండెంట్‌కి లేదు, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, లేదంటే మార్చి 31తో ఆ డబ్బు వెనక్కి పోతుంది. మందులు రావు, మనిషీ రాడు, ఉన్న నర్సే రెండు వార్డులు చూస్తుంది.

అపోహ: ఆస్పత్రి లెక్కలు తీసి చూస్తే జీతాలే కనిపిస్తాయి, కాబట్టి మందులు కొనట్లేదు.

మందుల్లో ఎక్కువ భాగం ఆస్పత్రి కొనదు. రాష్ట్రం మొత్తానికి ప్రభుత్వ వైద్య సేవల కార్పొరేషన్ ఏపీఎంఎస్ఐడీసీ కొని సెంట్రల్ డ్రగ్ స్టోర్ల ద్వారా పంపుతుంది. ఆ ఖర్చు మా డీడీఓ (ఆస్పత్రి డబ్బు డ్రా చేసి చెల్లించే అధికారి) బిల్లుల్లోకి రాదు, అందుకే మా కాగితాల్లో జీతాలు అంత పెద్దగా కనిపిస్తాయి. ఇది తెలియక ఎవరో ఆ కాగితం ఫొటో తీసి పెడతారు, అది చూసి ఇక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి రావాల్సినవాళ్లు బంగారం తాకట్టు పెట్టి ప్రైవేటుకి పోతారు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. మందులు నిండుకునే రోజులు లేవని నేననను. లేనప్పుడు స్టోర్లో అడగండి, సూపరింటెండెంట్‌కి రాసివ్వండి. మందులు లేకపోవడం నర్సు జీతం వల్ల మాత్రం కాదు.

అపోహ: జీతాల శాతం పెరిగితే ముందు కాంట్రాక్టు వాళ్లనే పీకేస్తారు.

మొన్నామధ్య విజయనగరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కూతురు జాతీయ ఆరోగ్య మిషన్, అదే ఎన్‌హెచ్ఎంలో ల్యాబ్ టెక్నీషియన్, రెండు నెలలుగా జీతం పడలేదు. "బాబూ, జీతాలకి డబ్బులు సాలట్లేదంట గదా, మా పిల్లని తీసేత్తారేటి?" అని అడిగాడు. చేతిలో ఆ అమ్మాయి ఆర్డర్ కాపీ, నాలుగు మడతలు పెట్టి చిరుగులు పట్టింది. కూర్చోబెట్టి చెప్పాను. ఆ పోస్టులకి రాష్ట్రం ఏటా పీఐపీ అనే ప్రణాళిక పంపుతుంది, కేంద్రం ఆర్ఓపీ అనే మంజూరు పత్రంలో ఒప్పుకుంటుంది, ఖర్చులో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40. కేంద్రం వాటా విడుదలై, రాష్ట్రం తన వాటా కలిపి వేసేదాకా జీతం ఆగుతుంది. జీతం ఆలస్యమైందంటే పోస్టు పోయిందని కాదు. ఏటా రెన్యువల్ టెన్షన్ నిజమే, దాన్ని కాదనను, కానీ దానికీ వాట్సాప్ శాతానికీ సంబంధం లేదు. ఆర్ఓపీలో మీ పోస్టు ఉందో లేదో డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసులో ఎన్‌హెచ్ఎం సెక్షన్‌ని అడగండి.

మిగతావి గబగబా. పెన్షన్లు ఆరోగ్య శాఖ జీతాల్లో లేవు, బడ్జెట్‌లో వాటి మేజర్ హెడ్ (ప్రధాన పద్దు నంబరు) 2071, వైద్య ఆరోగ్యానిది 2210. ఎన్‌హెచ్ఎం జీతాలు, ఏజెన్సీల ద్వారా వచ్చే శానిటేషన్, సెక్యూరిటీ వాళ్ల జీతాలు 010లో ఉండవు, కాబట్టి 010 ఒక్కటే చూసి ఎక్కువన్నా తక్కువన్నా రెండూ తప్పే. ఎవరైనా శాతం చెబితే అది బడ్జెట్ అంచనానా, సవరించిన అంచనానా, అసలు ఖర్చా అని అడగండి, ఎందుకంటే ఈ మూడింటికీ పొంతన ఉండదు.