ఈమెయిల్‌కు స్టాంపు అంటించబోయిన కథ

మా పెదనాన్నగారు విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక చిన్న సంగీత సభ నడుపుతారు. నెలకో కచేరీ, నాలుగొందల మంది సభ్యులు, ఆహ్వానాలన్నీ ఈమెయిల్‌లోనే. ఆ మధ్య ఒక కచేరీ అయిపోయిన మర్నాడు వరసగా ఫోన్లు: "మమ్మల్ని పిలవనే లేదేంటండీ?" చూస్తే ఆహ్వానం సగం మందికి స్పామ్‌లో పడి ఉంది. "ఒరే, నాలుగు డబ్బులు ఎక్కువ కడితే నేరుగా చేతికందే రిజిస్టర్ పోస్టు లాంటిది ఇందులో లేదట్రా?" అన్నారు. ఒకప్పుడు ఉండేది. దాని మీద అమెరికాలో పెద్ద రగడే జరిగింది.

అసలు తగువంతా ఖర్చు దగ్గరే మొదలైంది. కరపత్రం పంచాలంటే అచ్చుకీ, పంచే కుర్రాడికీ డబ్బులివ్వాలి. ఈమెయిల్‌కు ఆ బాధ లేదు. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ఉద్యోగి గ్యారీ థ్యుర్క్, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి కంప్యూటర్ల ప్రకటన పంపాడు. మొదటి స్పామ్ అదేనంటారు. మా సభ సభ్యులూ అంతమందే కావడం కాకతాళీయం. పది మందికి పంపినా పది లక్షల మందికి పంపినా ఖర్చు దాదాపు ఒకటే అయినప్పుడు, లక్షలో ఒకడు బుట్టలో పడినా పంపినవాడికి లాభమే.

కాబట్టి పంపేవాడి మీద కాస్త భారం పెట్టాలన్న ఆలోచన పాతదే. 1992లో సింథియా డ్వర్క్, మోనీ నవోర్ అనే శాస్త్రవేత్తలు, మెయిల్ పంపే ముందు కంప్యూటర్ చేత చిన్న లెక్క చేయించాలన్నారు. ఒక మెయిల్‌కైతే అది తెలియను కూడా తెలియదు, లక్షలు పంపేవాడికి మాత్రం నడుం విరుగుతుంది. 1997లో ఆడమ్ బ్యాక్ చేసిన హ్యాష్‌క్యాష్ కూడా ఇదే తోవ. 2004లో దావోస్‌లో బిల్ గేట్స్ ఇలాంటి పద్ధతులనే చెబుతూ, రెండేళ్లలో స్పామ్ పీడ వదులుతుందన్నారు. వదల్లేదని మీకూ తెలుసు.

ఈలోగా స్పామ్‌ను ఏరిపారేసే ఫిల్టర్లు రాటుదేలాయి. దాంతో కొత్త తలనొప్పి: బ్యాంకు స్టేట్‌మెంట్, విమానం టికెట్ కూడా చెత్తబుట్టలోకి పోవడం. గుడ్‌మెయిల్ అనే కంపెనీ పట్టుకున్నది ఆ నొప్పినే. పంపేవాళ్ల పూర్వాపరాలు ఆరా తీసి, వాళ్ల మెయిల్‌లో ఒక రహస్య ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఉన్న మెయిల్ ఫిల్టర్ దాటి ఇన్‌బాక్స్‌లోకి వెళుతుంది, పక్కన నీలి రిబ్బన్ గుర్తుతో. మెయిల్‌కు పావు సెంటు నుంచి ఒక సెంటు. అందులో మెయిల్‌బాక్స్ కంపెనీకీ వాటా. 2006 మొదట్లో అమెరికాలో ఈమెయిల్ సేవలిచ్చే ఏఓఎల్, యాహూ దీన్ని తీసుకుంటామన్నాయి. యాహూ లావాదేవీల మెయిళ్లకే పరిమితమవుతానంది.

గొడవ ఆ వాటా మీదే. ఇంటర్నెట్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, రాజకీయ ప్రచార సంస్థ మూవ్‌ఆన్ వంటివి ఫిబ్రవరి చివర్లో కూటమి కట్టి దీన్ని 'ఈమెయిల్ పన్ను' అన్నాయి. క్యాన్సర్ రోగుల మెయిలింగ్ గ్రూపులు నడిపే సంస్థ కూడా అందులో చేరింది. వాళ్ల వాదన నాకు సబబుగానే తోస్తుంది: డబ్బు కట్టినవాడికి వేరే తలుపు పెట్టాక, కట్టనివాడి కోసం ఫిల్టర్‌ను బాగుచేయాలన్న తొందర ఎవరికుంటుంది? టెక్నాలజీ విశ్లేషకురాలు ఎస్తర్ డైసన్ లాంటివాళ్లు మాత్రం, నచ్చితే వాడుకుంటారు, లేకపోతే మానేస్తారు, మార్కెట్టే తేలుస్తుందన్నారు. లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితంగా చేస్తామని ఏఓఎల్ కొంత తగ్గింది. కానీ ఏప్రిల్‌లో ఆ కూటమి వెబ్ చిరునామా ఉన్న మెయిళ్లు ఏఓఎల్‌లో అందకుండా పోయాయి. సాఫ్ట్‌వేర్ లోపమన్నారు. ఎవరు నమ్ముతారు చెప్పండి!

చివరికి మార్కెట్టే తేల్చింది. 2011 ఫిబ్రవరిలో గుడ్‌మెయిల్ మూతపడింది.

పెదనాన్నగారికి లెక్క చెప్పాను: పావు సెంటు చొప్పున నాలుగొందల మందికి ఒక డాలరు, ఆ రోజుల్లో నలభై అయిదు రూపాయలు. "ఇంతేనా! నేను కట్టేవాణ్ణే" అన్నారు. ఆయన్నీ కాదనలేకపోయాను.

ఈమెయిల్‌లో స్టాంపు రాలేదు కానీ, గుర్తింపు కార్డు వచ్చింది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పద్ధతుల్లో పంపేవాడు తానెవరో రుజువు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి, పెద్ద ఎత్తున పంపేవాళ్లకు (జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000 మెయిళ్లు దాటితే) జీమెయిల్, యాహూ వీటిని తప్పనిసరి చేశాయి. డబ్బు అక్కర్లేదు, కానీ ఇవన్నీ తెలిసిన కుర్రాడొకడు పక్కన ఉండాలి.

తమాషా ఏమిటంటే, మన దేశంలో ఎస్సెమ్మెస్‌కు గేటు వచ్చినప్పుడు ఇంత గోల లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార సందేశాలు పంపాలంటే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే డిజిటల్ చిట్టాలో నమోదు కావాలి, పంపే పేరూ, సందేశం నమూనా ముందే ఆమోదం పొందాలి. 2021 మార్చి 8న ఆ జల్లెడ గట్టిగా బిగించేసరికి దేశమంతా ఓటీపీలు ఆగిపోయి, వారం పాటు దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు మాత్రం జనం గోల పెట్టారు, అదీ ఓటీపీ కోసమే.

సభకు డీఎల్‌టీ మన వల్ల కాదని తేల్చుకుని పెదనాన్నగారు వాట్సాప్‌కు మారారు. అక్కడ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే, అదీ ఆయన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే. రెండు లిస్టులు చేశాను. వచ్చే నెల కచేరీకి ఎవరు రాలేదో చూసి, వాళ్ల ఇళ్లకు నన్ను బండి మీద పంపిస్తారట.