ఎడారి రాయి జాతకం

మొరాకోలో సహారా అంచున ఉన్న ఎర్‌ఫూద్ బజారులో, ఎడారి సంచారులు ఏరి తెచ్చిన నల్లరాళ్లు, అంటే ఆకాశం నుంచి రాలిన ఉల్కలు, బేరానికి దొరుకుతాయి. పిడికిట్లో పట్టే 60 గ్రాముల రాయి ఒకటి అక్కణ్నుంచి ప్రయోగశాలకు వెళ్లిందనుకుందాం. తిరిగొచ్చేసరికి దాని పక్కన ‘ఎల్6, ఎస్3, డబ్ల్యూ2’ అని రాసి ఉండొచ్చు. బండి నంబరులా కనిపించినా, చదవడం తెలిస్తే అది ఆ రాయి జాతకం.

ముందు ఎల్. పడుతుండగా చూసి ఏరుకున్న ఉల్కల్లో నూటికి దాదాపు 80 ‘సాధారణ కాండ్రైట్లు’ అనే రాతి ఉల్కలే. పేరుకే సాధారణం. వాటిలో కనిపించే బొంబాయి రవ్వంత గుళికలు, అంటే కాండ్రూల్స్, సుమారు 456 కోట్ల ఏళ్ల కిందట అంతరిక్షంలో కరిగి గడ్డకట్టిన బొట్లు. ఈ రాళ్లలో హెచ్, ఎల్, ఎల్ఎల్ అని మూడు వర్గాలున్నాయి. ఏ వర్గమో కచ్చితంగా చెప్పాలంటే రాయిని కోసి, కాంతి దాటిపోయేలా 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయాలి. అందులో ఆలివిన్ ఖనిజపు రేణువులను వెతికి, మైక్రోప్రోబ్‌తో ఎలక్ట్రాన్లను గుచ్చితే ఎక్స్-కిరణాలు వస్తాయి. ఇనుమెంతో అవి చెబుతాయి. ఆలివిన్‌లో మెగ్నీషియం, ఇనుము ఒకదాని చోట మరొకటి కూర్చోగలవు. ఆ చోట్లలో నూటికి 16-20 ఇనుముకి దక్కితే హెచ్, 22-26 అయితే ఎల్, అంతకు మించితే ఎల్ఎల్.

ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. హెచ్ అంటే మొత్తం ఇనుము ఎక్కువున్న వర్గం. మరి దాని ఆలివిన్‌లోనే ఇనుము తక్కువేమిటి? ఆక్సిజన్‌తో కలిసిన ఇనుమే ఆలివిన్‌లోకి చేరుతుంది. కలవనిది లోహపు రేణువులుగా విడిగా మిగిలిపోతుంది. హెచ్ రాళ్లలో ఆ మిగిలిన వాటా పెద్దది. ఈ వ్యవహారమంతటిలో నాకు బాగా నచ్చే లెక్క ఇదే.

6 అనేది వంట సంగతి. ఈ రాళ్లకు తల్లి అయిన గ్రహశకలం పుట్టిన కొత్తలో, ముఖ్యంగా అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థం క్షీణించడం వల్ల, లోపల వేడెక్కింది. పెద్దగా వేడి తగలని 3వ రకంలో గుళికలు బూందీ లడ్డూలోలాగా విడివిడిగా తెలుస్తాయి. సుమారు 900 డిగ్రీల దాకా ఉడికిన 6వ రకంలో అవి చుట్టూ ఉన్న పదార్థంలో కలిసిపోయి అంచులు చెరిగిపోతాయి.

ఎస్ అంతరిక్షంలో ఢీకొని తిన్న దెబ్బల లెక్క. ధ్రువిత కాంతిలో, అంటే ఒకే దిశలో కంపించే కాంతిలో, తిప్పి చూస్తే, దెబ్బ తగలని ఆలివిన్ రేణువు ఒక్కసారిగా చీకటవుతుంది. దెబ్బ తిన్నది అలలు అలలుగా చీకటవుతుంది. ఎస్3 నాటికి సమాంతరమైన పగుళ్లు కూడా వస్తాయి. ఎల్ రాళ్ల తల్లి శకలం సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట పెద్ద ఢీకి బద్దలైంది. అప్పుడు రాలిన తునకలు స్వీడన్ సున్నపురాతి పొరల్లో శిలాజాల్లా దొరికాయి.

డబ్ల్యూ మన భూమి పని: తుప్పు. ఎడారి పొడిగా ఉండబట్టే వేల ఏళ్లు పడి ఉన్నా రాయి మిగులుతుంది. అయినా డబ్ల్యూ2 అంటే లోహంలో 20 నుంచి 60 శాతం తుప్పుపట్టినట్టే.

అన్నట్టు, రాయి దొరగ్గానే అయస్కాంతం ఆనించి చూసే అలవాటు మంచిది కాదు. 320 గ్రాముల ‘బ్లాక్ బ్యూటీ’ అంగారకుడి నుంచి వచ్చిన రాయి. ఆ గ్రహపు పాత అయస్కాంత క్షేత్రం గురించి చెప్పగలిగేది. చేతి అయస్కాంతాలు దాని జ్ఞాపకాన్ని చెరిపేశాయని 2023లో తేలింది.

ఉల్క పేరు అధికారికం కావాలంటే దాని బరువులో 20 శాతం లేదా 20 గ్రాములు, ఏది తక్కువైతే అది, ఒక సంస్థలో భద్రపరచాలి. మన 60 గ్రాముల రాయిలో 12 గ్రాములు పోతాయి. వాయవ్య ఆఫ్రికాలో దొరికిన చోటు తెలియని రాళ్లకు ఊరి పేరు ఉండదు, ‘నార్త్‌వెస్ట్ ఆఫ్రికా’ అనే పేరు పక్కన ఒక నంబరు ఇస్తారు.

పక్కపక్కన దొరికినవన్నీ ఒకే రకమనుకుంటే చిక్కే. 2008 అక్టోబరు 7న సుడాన్‌లోని నూబియా ఎడారి మీద ఒక చిన్న గ్రహశకలం పేలింది. ముందురోజే టెలిస్కోపుకు చిక్కింది కాబట్టి అది ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. ఆ డిసెంబరులో ఖార్తూమ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు వరసగా నడుస్తూ నల్లటి తునకలు ఏరారు. అక్కడి రైల్వే స్టేషన్ పేరుమీద వాటిని అల్మహాటా సిట్టా, అంటే ‘ఆరో స్టేషన్’, అన్నారు. ఎక్కువ భాగం యూరేలైట్లు అనే అరుదైన రకం ఉల్కలు. కానీ వాటి మధ్యే సాధారణ కాండ్రైట్లు, ఎన్‌స్టటైట్ కాండ్రైట్లు అనే వేరే రకాలు కూడా ఉన్నాయి. సుమారు నాలుగు మీటర్ల ఒకే శకలంలోంచి ఇన్ని రకాలు! ఒక తునకను చూసి పక్కదాని రకం చెప్పే వీలు లేదు. ఏ తునకకు ఆ తునకనే కోసి, అరగదీసి, మళ్లీ ఆలివిన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.