గొట్టం సగంలో ఆగిపోయింది

హన్మకొండలో ఆగస్టు ముసురు. పెన్ను చేద్దామని టేకు ముక్కకు రంధ్రం వేసి, 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టానికి సూపర్ గ్లూ పూసి లోపలికి తోస్తున్నాను. సగం దాకా పోయి ఆగిపోయింది. పటకారుతో పట్టి తిప్పితే గొట్టం నలిగింది కానీ ఇంచు కూడా కదల్లేదు. ఇదే జిగురు మే నెలలో నాకు తాపీగా గొట్టం సర్దుకునేంత సమయం ఇచ్చింది.

జిగురు ‘ఆరింది’ అంటాం. సూపర్ గ్లూ విషయంలో ఆ మాటే తప్పు. అందులోని సయనోఅక్రిలేట్ తడి తగిలితే గట్టిపడుతుంది. గాలిలో, చెక్క మీద కంటికి కనబడని నీటి పొర చాలు. ఒక అణువు కదిలి పక్కదాన్ని పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని, అలా క్షణాల్లో గొలుసులైపోతాయి. 1942లో తుపాకీ గురికి పనికొచ్చే పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతూ ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం దీన్ని చూసింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పెట్టేసింది! అమ్మకానికి వచ్చింది 1958లో. ఇక నా చెక్క వానకు తేమ పీల్చుకుని ఉంది, డ్రిల్లు వేడి కూడా ఇంకా దిగలేదు. వేడి ఈ పనిని మరింత తొందరపెడుతుంది. చల్లారనివ్వకపోవడం నా తొందరే.

మన దగ్గరి పాత జిగురుది దీనికి పూర్తిగా ఎదురు లెక్క. నిర్మల్ బొమ్మల్లో, చేర్యాల మాస్కుల్లో వాడే చింతగింజల జిగురు నీళ్లు పోతేనే బిగుస్తుంది. పొనికి కర్ర, రంపపు పొట్టు ఆ నీళ్లను తాగేస్తాయి కాబట్టి అక్కడ అది భేషుగ్గా పనిచేస్తుంది. ఇత్తడి చుక్క నీరు కూడా తాగదు.

అసలు గొట్టం ఎందుకంటే, పెన్ను కొనలూ క్లిప్పూ లోపలికి గట్టిగా నొక్కి బిగించేవి. నేరుగా చెక్కలోకి నొక్కితే చీలుతుంది. రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులకు ఈ బాధ లేదు, ఆ కడ్డీకే మరలు కోయొచ్చు. సన్నరకం పెన్నులో లేత్ (ముక్కను గిర్రున తిప్పే యంత్రం) మీద చెక్కడం అయ్యాక కొనల దగ్గర గొట్టం మీద మిల్లీమీటరు మందం చెక్క కూడా మిగలదు. ఆ పలుచని పొర కింద ఎక్కడైనా జిగురు లేకపోతే, ఉలి తగలగానే అక్కడే పెచ్చు ఎగిరిపోతుంది.

ఊరుకున్నా చెక్క ఊరుకోదు. గొట్టం చుట్టుకొలత దాదాపు 22 మిల్లీమీటర్లు. చెక్కలో తేమ నాలుగు శాతం తగ్గితే, ఆ చుట్టు మీద టేకు మిల్లీమీటరులో పదోవంతుకు పైనే కుంచించుకోవాలని చూస్తుంది. ఎండకు ఇత్తడి వ్యాకోచిస్తుంది, అదీ 30 డిగ్రీలు పెరిగితే మిల్లీమీటరులో వందోవంతు. ఎడ్లబండి చక్రం గుర్తు తెచ్చుకోండి: ఎండాకాలం కర్ర ఎండితే పైనున్న ఇనుప పట్టా వదులవుతుంది. పెన్నులో లోహం లోపల, కర్ర బయట. ఇక్కడ వదులయ్యే దారి లేదు, నిలువునా పగులుతుంది. వానాకాలంలో పచ్చిగా చేసిన పెన్ను ఏప్రిల్‌లో నెర్రె విచ్చేది అందుకే.

పాడైన ముక్కను పారేయకుండా రంపంతో నిలువునా కోసి చూశాను. రంధ్రం మూతి దగ్గర జిగురంతా ఉంగరంలా పేరుకుని ఉంది. లోపలికి పోయిన ఇత్తడి మాత్రం కొత్త బిందెలా మెరుస్తోంది. అంటే బిగుతైన రంధ్రం జిగురును గీకేసింది, గొట్టం ఒట్టిదే పోయింది.

ఇప్పుడు వానాకాలంలో రెండు భాగాలుగా వచ్చే ఎపాక్సీ జిగురే కలుపుతున్నాను. దానికి నీటితో పనిలేదు; రెజిన్, హార్డెనర్ ఒకదానితో ఒకటి చర్య జరిపి గట్టిపడతాయి. పైగా సూపర్ గ్లూ అంత పెళుసు కాదు, చెక్క కదిలితే కాస్త ఓర్చుకుంటుంది. టేకు నూనె జిగురును పట్టనివ్వదు కాబట్టి రంధ్రాన్ని అసిటోన్‌తో తుడుస్తాను. గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్దుతాను, ఆ తర్వాత దాన్ని వేలితో ముట్టను. జిగురు రంధ్రంలోనూ గొట్టం మీదా పూసి, తిప్పుతూ తిప్పుతూ దించుతాను. గొట్టం లోపలికి జిగురు దిగితే కొనలు పట్టవు, అందుకే ముందే దాని మూతిని ఆలుగడ్డ ముక్కలోకి ఒత్తుతాను. బిరడా తయారు. ఇంట్లో కూరకు ఒక గడ్డ తక్కువవుతుంది, అది వేరే పంచాయితీ. తెల్లారి చూస్తే ఆ ఆలుగడ్డ ముక్క నీరంతా పోయి, నల్లబడి, ముడుచుకుని, పుల్లతో తడితే టక్కున రాలిపోతుంది.