బోర్లానా, వెల్లకిలానా? కిడ్నీ సర్జరీలో తేలని పేచీ

కిడ్నీలో రాయి బాగా పెద్దదైతే వీపు పక్క నుంచి సూది దించి, ఆ దారిని వెడల్పు చేసి, రాయిని ముక్కలు చేసి తీస్తారు. అదే పీసీఎన్ఎల్. పేషెంటును ఎలా పడుకోబెడితే ఆ సూది క్షేమంగా దిగుతుందన్న పేచీ మాత్రం దశాబ్దాలుగా తెగలేదు.

1955లో అమెరికాలో గుడ్‌విన్ బృందం, మూత్రం నిలిచి ఉబ్బిన కిడ్నీలోకి సూదితో గొట్టం పెట్టిన తీరును ప్రకటించింది. 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ అలాంటి దారిలోంచే రాయిని తీసి చూపించారు. ఆ తర్వాత బోర్లా పడుకోబెట్టడమే ఆనవాయితీ అయింది. కారణం లేకపోలేదు. కిడ్నీ వెనుక అంచు దగ్గర పెద్ద రక్తనాళాలు తక్కువగా ఉండే చోటు ఒకటుంది. వీపు నుంచి వచ్చే సూదికి అది తిన్నగా అందుతుంది, సర్జన్ చేతులకు చోటూ ఎక్కువే.

కష్టమంతా మత్తు డాక్టరుది. వెల్లకిలా ఉండగా మత్తిచ్చి, గొంతులో గొట్టం వేసి, స్పృహలేని మనిషిని నలుగురైదుగురు పట్టుకుని బోర్లా తిప్పాలి. ఆ తిప్పడంలో గొట్టం జారొచ్చు, మెడ మెలిపడొచ్చు. తిప్పాక కళ్ల మీద, భుజాల నరాల మీద ఒత్తిడి పడకుండా మెత్తలు సర్దాలి. లావుపాటి వాళ్లకు పొట్ట నొక్కుకుపోయి ఊపిరి ఆడటం కష్టమవుతుంది. మధ్యలో గుండె ఆగితే? ఛాతీ నొక్కాలంటే ముందు మనిషిని వెనక్కి తిప్పాలి.

1987లో స్పెయిన్‌లోని జరగోజా డాక్టరు వాల్దీవియా ఉరియా వెల్లకిలా పద్ధతిని ముందుకు తెచ్చారు. నడుము పక్కన ఎత్తు పెట్టి, పక్క నుంచి సూది దించడం ఆయన పద్ధతి. పేగుకు గాయమవుతుందని చాలామంది జంకారు. తమాషా ఏమిటంటే, అదే ఏడాది వచ్చిన సీటీ స్కాన్ పరిశీలనలో పెద్దపేగు కిడ్నీ వెనక్కి చేరడం వెల్లకిలా ఉన్నప్పుడు 1.9 శాతం, బోర్లా ఉన్నప్పుడు 10 శాతంగా తేలింది. అంటే వెల్లకిలా తీసిన స్కాన్‌ను నమ్ముకుని బోర్లా ఆపరేషన్ చేస్తే, పేగు స్కాన్‌లో చూసిన చోటే ఉందనుకోలేం. నా దృష్టిలో ఈ కథలో అందరూ తేలిగ్గా దాటేసే విషయం ఇదే.

1998లో వాల్దీవియా 557 మంది అనుభవాన్ని ప్రచురించాక ధైర్యం పెరిగింది. తర్వాత స్పెయిన్‌లోనే గల్దకావో అనే ఊరి డాక్టర్లు కాళ్ల అమరిక మార్చి, వీపు పక్క దారితో పాటు కింది నుంచి మూత్రనాళంలోకి కూడా ఒకేసారి స్కోపు (లోపలికి చూసే గొట్టం) పంపేలా చేశారు. వెల్లకిలా ఉన్నప్పుడు దారి కిందికి వాలుగా ఉంటుంది కాబట్టి నీరూ రాతి ముక్కలూ వాటంతటవే బయటికొస్తాయి, కిడ్నీ లోపల ఒత్తిడి తగ్గుతుంది.

లోపాలూ ఉన్నాయి. కిడ్నీ సూదికి దొరక్కుండా జరిగిపోతుంది, పై భాగంలోని రాళ్లు అందడం కష్టం. 2011లో వెలువడిన పలు దేశాల లెక్కల్లో రాయి పూర్తిగా పోవడంలో బోర్లా పద్ధతే ముందుంది, రక్తం ఎక్కించాల్సి రావడం, జ్వరం కూడా అందులోనే ఎక్కువ. అయితే ఏ పద్ధతన్నది చీటీ తీసి నిర్ణయించలేదు, ఎవరికి అలవాటైంది వాళ్లు చేశారు. కాబట్టి ఆ లెక్కల్లో పద్ధతి వాటా ఎంతో, సర్జన్ చేతి అలవాటు వాటా ఎంతో విడదీయడం కష్టం.