పిప్పి పన్ను, గుండె కవాటం: ఒక ముందుజాగ్రత్త మారుతూ వచ్చిన తీరు

గుండె జబ్బుతో పుట్టిన బిడ్డకు పన్ను తీయవలసి వస్తే ముందుగా ఒక మోతాదు యాంటీబయోటిక్ ఇవ్వాలా అన్న ప్రశ్నకు వైద్యులు ఏడు దశాబ్దాలుగా ఒకే జవాబు చెప్పలేదు.

పన్ను తీసిన వెంటనే రక్తాన్ని పరీక్షించిన ఓకెల్, ఇలియట్ అనే బ్రిటిష్ పరిశోధకులు 138 మందిలో దాదాపు 60 శాతం మంది రక్తంలో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కనిపించిందని 1935లో ప్రకటించారు. మామూలు గుండెలో ఇవి నిలవవు. కానీ రంధ్రం గుండానో, మూసుకోని కవాటం గుండానో రక్తం వేగంగా చిమ్మి లోపలి పొర దెబ్బతిన్న చోట సన్నని గడ్డ కడుతుంది. బాక్టీరియా దానిలో చిక్కుకుని పెరిగితే వచ్చేదే ఎండోకార్డైటిస్. ఈ భయంతోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1955లో పెన్సిలిన్‌ను సిఫారసు చేసింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు పళ్ల డాక్టరు పాత్ర చాలావరకు ఆ చీటీ రాయడమే.

2007లో అదే సంస్థ దాదాపు వెనక్కి తిరిగింది. రోజూ బ్రష్ చేసినా, అన్నం నమిలినా చిగుళ్ల నుంచి బాక్టీరియా రక్తంలోకి వెళ్తూనే ఉంటుందని, ఎప్పుడో ఒకసారి పన్ను తీయడం కంటే ఏడాది పొడవునా పాడైన నోటితో తిరగడమే ఎక్కువ ప్రమాదమని తేల్చి, ముందు మోతాదును కొందరికే పరిమితం చేసింది: లోగడ ఈ జబ్బు వచ్చినవారు, కృత్రిమ కవాటం ఉన్నవారు, ఒళ్లు నీలంగా మారే పుట్టు లోపానికి ఆపరేషన్ కానివారు, కృత్రిమ పరికరంతో లోపం సరిచేసి ఆరు నెలలు నిండనివారు వీరిలో ముఖ్యులు. చిన్న రంధ్రం మాత్రమే ఉన్న పిల్లలకు అది అవసరం లేదు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008లో ఎవరికీ వద్దంది. 2016లో ఆ ‘వద్దు’కు ముందు ‘మామూలుగా’ అన్న ఒక్క మాట చేర్చి కొంత సడలించింది. ఆ ఒక్క మాట కోసం ఎనిమిదేళ్లు వాదన నడిచింది!

మన దగ్గర తల్లిదండ్రులు పొరబడేందుకు వీలున్న విషయం ఒకటుంది. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి గుండె కవాటాలను దెబ్బతీయగల రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేయించే పెన్సిలిన్ సూది పన్ను తీసేటప్పటి రక్షణకు బదులు కాదు; పైగా ఆ పిల్లల నోటిలోని బాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగకపోవచ్చు కనుక, ముందు మోతాదు అవసరమైనవారికి వేరే మందు చూడాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే జాబితాలో పుట్టు గుండె లోపాలు, దంత సమస్యలు రెండూ ఉన్నాయి. రెండూ ఒకే బిడ్డకు ఉన్నట్టు తేలితే, గుండె ఆపరేషన్ తేదీకి ముందే నోటిని బాగుచేయించడం నా దృష్టిలో అన్నింటికన్నా తేలికైన నివారణ. ‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అని ఆగడం ఇక్కడ పనికిరాదు: చీము పట్టిన పాలపన్నుకు వేరు చికిత్స చేసి నిలబెట్టడం కంటే తీసివేయడమే ప్రమాదం ఎక్కువున్న ఈ పిల్లల్లో సాధారణంగా మేలనిపించుకుంటుంది.